విండ్ షియర్‌లో దేన్ని ఎంత నమ్మాలి: రాడార్‌నా, లైడార్‌నా, పావుగంట ఓపికనా?

1975 జూన్ 24, న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయం, సాయంత్రం నాలుగు గంటల వేళ. దిగే దారి మీద ఉరుముల మేఘం కూర్చుని ఉంది. ఒక సరుకు విమానం నానా తిప్పలు పడి దిగి, గాలి ఘోరంగా ఉంది, రన్‌వే మార్చండి అని టవర్‌కు చెప్పింది. దాని వెనక వచ్చిన పెద్ద జెట్ దిగలేక పైకి లేచి వెళ్లిపోయింది. తర్వాత రెండు విమానాలు దిగాయి. ఆ వెనకే వచ్చిన ఈస్టర్న్ 66 రన్‌వేకి ముందున్న లైట్ల స్తంభాలను కొట్టుకుని కూలింది. 113 మంది చనిపోయారు.

మధ్యలో దిగిన ఆ రెండు విమానాలే ఈ విషయంలో అసలు చిక్కు. ముందువాళ్లు దిగారు కదా, మనమూ దిగొచ్చు అనిపిస్తుంది. ఈ ప్రమాదాన్ని తవ్వి చూసిన వాతావరణ శాస్త్రవేత్త తెత్సుయా ఫుజిటా, మేఘం కింద నుంచి నేల మీదకు కుమ్మరించినట్టు పడే గాలికి డౌన్‌బర్స్ట్ అని పేరు పెట్టాడు. అందులో 4 కిలోమీటర్ల లోపు వెడల్పున్నది మైక్రోబర్స్ట్. అది బలంగా ఉండేది ఐదు నుంచి పదిహేను నిమిషాలు. అంటే నాలుగు నిమిషాల ముందు దిగిన విమానం చూసిన గాలి వేరు, మీరు చూడబోయే గాలి వేరు.

కొద్ది దూరంలోనే గాలి వేగం గానీ దిశ గానీ ఇలా ఒక్కసారిగా మారిపోవడాన్నే విండ్ షియర్ అంటారు. దాని నుంచి తప్పించుకోవడానికి ఇప్పుడు పరికరాలు చాలానే ఉన్నాయి. విమానంలో పెట్టేవి, నేల మీద పెట్టేవి, పైలట్ చేతిలో ఉండేవి. వీటిలో ఏది మేలు అని అడిగేవాళ్లకు నేను ముందు ఒక్కటే అడుగుతాను: అది మీకు ఎన్ని సెకన్లు ముందు చెబుతుంది? ఖరీదు, పేరు, తయారీ సంస్థ అన్నీ ఆ తర్వాత. ఈ వ్యాసంలో పోలికంతా ఆ కొలబద్ద మీదే నడుస్తుంది.

ముందు ఆ ఒక్క నిమిషాన్ని దగ్గరగా చూద్దాం

ఒక జెట్ విమానం 140 నాట్ల (గంటకు దాదాపు 260 కిలోమీటర్ల) వేగంతో దిగుతోంది అనుకోండి. అది గాలిలో దాని వేగం. ఎదురుగాలి 10 నాట్లు ఉంది కాబట్టి నేల మీద లెక్క 130. ముందు మైక్రోబర్స్ట్ ఉంది. దాని అంచులో అడుగు పెట్టగానే ఎదురుగాలి 30 అవుతుంది. మీటర్ మీద వేగం 160 చూపిస్తుంది, విమానం పైకి తేలుతుంది. కొత్త పైలట్ ఇక్కడే మోసపోతాడు. వేగం ఎక్కువైంది, ఎత్తు ఎక్కువైంది అని ఇంజన్ పవర్ తగ్గించి ముక్కు కిందకు దించుతాడు. మరికొన్ని సెకన్లకు మధ్యలోకి వస్తాడు, అక్కడ గాలి నెత్తి మీద నుంచి కిందకు తోస్తుంది. ఆ వెంటనే అవతలి అంచు. ఎదురుగాలి పోయి వెనక నుంచి 25 నాట్లు. బరువైన యంత్రం నేల మీద వేగాన్ని అంత తొందరగా మార్చుకోలేదు కాబట్టి, మీటర్ 105కి పడిపోతుంది. ఇలాంటి విమానం స్టాల్ అయ్యే వేగం, అంటే రెక్కలు ఇక దాన్ని మోయలేని వేగం, సుమారు 110. ఇదంతా నిమిషం లోపు అయిపోతుంది. అప్పటికే తగ్గించి ఉంచిన ఇంజన్ మళ్లీ పూర్తి పవర్‌కు రావడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది.

1985 ఆగస్టు 2న డాలస్–ఫోర్ట్ వర్త్ దగ్గర డెల్టా 191 ఇలాంటి గాలిలోనే చిక్కుకుంది. 137 మంది పోయారు. దానికి మూడేళ్ల ముందు, 1982 జులై 9న, న్యూ ఆర్లీన్స్ పక్కన కెనర్‌లో పాన్ ఆమ్ 759 టేకాఫ్ అయిన వెంటనే కూలింది. అందులో 153 మంది పోయారు, నేల మీద ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా. దిగేటప్పుడే ప్రమాదం అనుకునేవాళ్లకు ఈ రెండో పేరు గుర్తుండాలి.

ఇంజనీర్లు ఈ ప్రమాదాన్ని కొలవడానికి ఎఫ్-ఫ్యాక్టర్ అనే లెక్క వాడతారు. విషయం తేలికే. ఎఫ్ విలువ 0.1 అంటే విమానం ఎక్కే శక్తిలోంచి గాలి 10 శాతం వాలును లాగేసుకుంటోందని అర్థం. పూర్తి పవర్‌తో 15 శాతం వాలున ఎక్కగల విమానానికి అప్పుడు 5 శాతమే మిగులుతుంది. ఎఫ్ 0.2 అయితే పూర్తి పవర్ ఇచ్చినా దిగిపోతూనే ఉంటుంది. పరికరాల హెచ్చరిక హద్దు దాదాపు 0.1 దగ్గర పెట్టడానికి కారణం ఇదే. నైపుణ్యంతో గట్టెక్కగల షియర్‌కు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటాక ఎంత మంచి పైలట్ అయినా ఒకటే.

విమానంలో: లోపలికి వెళ్లాక చెప్పేదా, ముందే చూసేదా?

పెద్ద జెట్ విమానాల్లో విండ్ షియర్ హెచ్చరిక పరికరం ఉండాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1988లో నియమం పెట్టింది. అప్పటికి చేతిలో ఉన్నది ఒక్క రకమే, రియాక్టివ్ అంటారు. విమానం గాలిలో ఎంత వేగంతో పోతోంది, లోపలి సెన్సార్ల ప్రకారం అసలు ఎంత వేగం పుంజుకుంటోంది లేదా కోల్పోతోంది అన్నవి రెండూ పోల్చి, తేడా హద్దు దాటితే "విండ్ షియర్, విండ్ షియర్, విండ్ షియర్" అని అరుస్తుంది. ఎర్ర అక్షరాలు వెలుగుతాయి.

దీని మంచితనం ఏమిటంటే దీనికి వర్షం అక్కర్లేదు, ధూళి అక్కర్లేదు. గాలి ఏ కారణంతో మారినా పట్టుకుంటుంది. లోపం కూడా అంతే స్పష్టం. మీరు అప్పటికే లోపల ఉన్నారు. మన కొలబద్ద మీద దీని మార్కు సున్నా కంటే తక్కువ, కొన్ని సెకన్లు ఆలస్యంగానే చెబుతుంది. పైగా ఫ్లాప్స్ (తక్కువ వేగంలో విమానం తేలడానికి రెక్కల వెనక దించే పలకలు) కదులుతున్నప్పుడు లెక్క తారుమారు అవుతుందని కొన్ని డిజైన్లలో ఆ సమయంలో దీని చురుకుదనం తగ్గించేవారు. 1994 జులై 2న షార్లెట్‌లో యూఎస్ ఎయిర్ 1016 గో అరౌండ్ చేస్తూ, అంటే దిగడం మానుకుని మళ్లీ పైకి లేస్తూ, ఫ్లాప్స్ ఎత్తుతుండగా షియర్‌లో చిక్కింది. హెచ్చరిక మోగలేదు. 37 మంది పోయారు.

రెండో రకం ప్రిడిక్టివ్. ముక్కులో ఉండే వాతావరణ రాడార్‌నే డాప్లర్ పద్ధతిలో వాడతారు. ముందున్న వాన చినుకుల్లో కొన్ని మన వైపు వస్తున్నాయా, వాటి వెనకవి మన నుంచి దూరంగా పోతున్నాయా అని చూస్తుంది. రెండూ పక్కపక్కన కనిపిస్తే అది మైక్రోబర్స్ట్ ముద్రే. చెప్పడానికి తేలిక, చేయడానికి మాత్రం చాలా కష్టమైంది. నేల దగ్గర రాడార్ కిందకు చూస్తే ఇళ్లు, రోడ్డు మీద కార్లు అన్నీ తిరిగి మోగుతాయి. ఆ గోలలోంచి చినుకులను ఏరాలి. దీనికోసం నాసా తన 737 విమానాన్ని 1991, 92 వేసవుల్లో ఒర్లాండో, డెన్వర్ ప్రాంతాల్లో కావాలని మైక్రోబర్స్ట్‌ల లోపలి నుంచి నడిపింది. నేల రాడార్ దారి చూపేది, హద్దు దాటినవాటిని వదిలేసేవారు. మైక్రోవేవ్ రాడార్, లేజర్‌తో చూసే లైడార్, ఇన్‌ఫ్రారెడ్ మూడింటినీ పరీక్షించారు. ఎయిర్‌లైన్ విమానాల దాకా వచ్చి నిలబడింది రాడారే. 1994లో దానికి అనుమతి వచ్చింది.

దీని మార్కు ఎంత? దిగేటప్పుడు సాధారణంగా ఒకటిన్నర నాటికల్ మైళ్ల ముందు "గో అరౌండ్, విండ్ షియర్ అహెడ్" అంటుంది. 140 నాట్ల లెక్కన అది దాదాపు 38 సెకన్లు. టేకాఫ్‌కు ముందు మూడు మైళ్ల దాకా చూస్తుంది. 38 సెకన్లు తక్కువేం కాదు. ఇంజన్ పూర్తి పవర్‌కు వచ్చి, విమానం ఎక్కడం మొదలుపెట్టి, ఇంకా కొంత మిగులుతుంది. షియర్‌ను మీరు 300 అడుగుల దగ్గర నీరసంగా కాకుండా, ఎత్తులో, వేగంతో, పవర్‌తో ఎదుర్కొంటారు. చాలాసార్లు అసలు ఎదుర్కోకుండానే పక్కకు పోతారు.

మరి ఇది ఉంటే పాతది ఎందుకు? రెండు కారణాలు. రాడార్‌కు చినుకులు కావాలి. ఎత్తైన మేఘం నుంచి రాలిన వాన నేలకు చేరకముందే ఆవిరైపోయే పొడి మైక్రోబర్స్ట్‌లో రాడార్‌కు కనిపించేది తక్కువ. రెండోది, టేకాఫ్ పరుగులో వేగం 100 నాట్లు దాటాక నేల నుంచి 50 అడుగులు లేచేదాకా చాలా విమానాల్లో ప్రిడిక్టివ్ కొత్త వార్నింగ్ ఇవ్వదు. ఆ వేగంలో ముందు ఏదో ఉందని చెబితే పైలట్ ఆగాలా పోవాలా అని తడబడతాడు కాబట్టి కావాలనే నోరు నొక్కేశారు. ముక్కు ఎత్తిన క్షణం నుంచి రియాక్టివ్ కాపలా కాస్తుంది. ఒకటి మూగబోయిన చోట ఇంకొకటి మాట్లాడుతుంది.

రెండిట్లో ఒక్కటే తీసుకోగల పరిస్థితి వస్తే నేను ప్రిడిక్టివ్‌కే ఓటు వేస్తాను. పాత విమానాన్ని అద్దెకు తీసుకునేవాళ్లు గానీ, చార్టర్ కంపెనీకి విమానం ఎంచుకునేవాళ్లు గానీ, రాడార్ ఉందా అని అడిగి ఊరుకుంటారు. అందులో విండ్ షియర్ పసిగట్టే సామర్థ్యం ఉందా అని విడిగా అడగాలి. మామూలు వాతావరణ రాడార్ వాన ఎక్కడుందో చెబుతుంది, ఆ వానలో గాలి ఎటు పోతోందో చెప్పదు.

విమానాశ్రయంలో: స్తంభాలా, రాడారా, లైడారా?

ఈస్టర్న్ 66 తర్వాత మొదట వచ్చింది స్తంభాల పద్ధతి. రన్‌వే చుట్టూ గాలిమీటర్లు పాతి, మధ్యలో ఉన్నదానికీ అంచుల్లో ఉన్నవాటికీ తేడా పెరిగితే టవర్‌లో గంట మోగించడం. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఎల్ఎల్‌వాస్ అంటారు. అర్థం చేసుకోవడం తేలిక, నడపడం తేలిక. కానీ తొలి రోజుల్లో అరడజను స్తంభాలే ఉండేవి. నాలుగు కిలోమీటర్ల లోపు ఉండే మైక్రోబర్స్ట్ రెండు స్తంభాల మధ్య దర్జాగా దిగిపోగలదు. స్తంభాల గుంపు బయట, దిగే దారి మీద పడితే ఇక సరేసరి. డాలస్‌లో 1985లో జరిగింది అదే. ప్రమాదం అయ్యాక గానీ ఆ గాలి స్తంభాలను తాకలేదు. అనవసరంగా మోగడం ఇంకో బాధ. రోజూ ఊరికే మోగే గంటను ఎవరూ వినరు. తర్వాతి తరాల్లో స్తంభాలు పెంచారు, లెక్క మార్చారు, ఇప్పుడున్నవి చాలా మెరుగు. అయినా అది నేల మీద, ఆ చోట, ఆ క్షణాన ఉన్న గాలినే చూస్తుంది. పైన వంద మీటర్ల ఎత్తులో ఏం వస్తోందో దానికి తెలియదు.

టెర్మినల్ డాప్లర్ రాడార్ ఇంకో మెట్టు. విమానాశ్రయానికి కొన్ని మైళ్ల దూరంలో నిలబడి, రన్‌వేల మీదుగా దాదాపు నిమిషానికోసారి నేల దగ్గర గాలిని చూస్తుంది, పైన మేఘంలో ఏం పోగవుతోందో కూడా చూస్తుంది. అమెరికాలో 1990ల మధ్య నుంచి 45 చోట్ల పెట్టారు. ఇది సెకన్ల నుంచి నిమిషాల లెక్కలోకి తీసుకెళ్లింది. టవర్ నుంచి వచ్చే మాట కూడా మారింది. "షియర్ ఉండొచ్చు" అనే గాలిమాట కాదు, "మైక్రోబర్స్ట్ అలర్ట్, రన్‌వేకి ఒక మైలు ముందు, 40 నాట్ల నష్టం" అని చెబుతారు. వేగంలో 15 నాట్లు మారితే విండ్ షియర్, 30 నాట్లు లేదా అంతకంటే ఎక్కువ నష్టం అయితే మైక్రోబర్స్ట్ అని హెచ్చరిక రెండు మెట్లుగా ఉంటుంది. రెండో మాట వినపడ్డాక ఇక ఆలోచించడానికి ఏమీ ఉండకూడదు.

ఈ రాడార్ పరీక్షలో ఉన్న రోజుల్లోనే, 1988 జులై 11న, డెన్వర్‌లో వరుసగా నాలుగు జెట్‌లు ఒకే మైక్రోబర్స్ట్ వైపు వెళ్లాయి. హెచ్చరికలు అందాయి. అయినా వాటిలో ఒకటి నేలకు 100 అడుగుల లోపుకు దిగి, బతికి బయటపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. రాడార్ గెలిచిందని చాలామంది ఈ కథ చెబుతారు. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. హెచ్చరిక చెవిన పడటానికీ, చేయి ఇంజన్ పవర్ లీవర్ మీద పడటానికీ మధ్య ఉన్న ఆలస్యం ఏ రాడార్‌తోనూ తగ్గదు.

రాడార్ వానలో రాజు, పొడిగాలిలో పేద. భారీ వానలో దాని సిగ్నల్ కూడా నీరసిస్తుంది, వాన తెర వెనక ఉన్నది మసకబారుతుంది. లైడార్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అది లేజర్ కిరణం వదిలి గాలిలో తేలే ధూళి కణాల నుంచి తిరిగొచ్చే వెలుగును చూస్తుంది. ఆకాశం తేటగా ఉంటే కిలోమీటర్ల దూరం గాలిని చదివేస్తుంది, పొగమంచు, వాన, మేఘం వస్తే చూపు పోతుంది. హాంకాంగ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. 1998లో తెరిచిన అక్కడి కొత్త విమానాశ్రయం లాంటావ్ దీవి కొండల పక్కనే ఉంది. వాన చుక్క లేని రోజున కూడా కొండల మీదుగా వచ్చే గాలి సుడులు తిరిగి రన్‌వే మీద పడుతుంది. డాప్లర్ రాడార్ ఉన్నా అలాంటి రోజుల్లో దానికి చూడటానికి ఏమీ దొరకదు. అందుకే 2002లో అక్కడి వాతావరణ శాఖ లైడార్ పెట్టింది. విమానాశ్రయంలో విండ్ షియర్ హెచ్చరిక కోసం దాన్ని వాడటం ప్రపంచంలో అదే మొదలు. కిరణాన్ని ఊరికే గుండ్రంగా తిప్పకుండా, విమానం దిగే వాలు దారి వెంటే నడిపి, పైలట్‌కు ఎదురయ్యే గాలిని అదే వరసలో చదవడం వాళ్లు చేసిన తెలివైన పని.

కాబట్టి విమానాశ్రయానికి ఏది అని అడిగితే, మీ గాలి ఎక్కడ నుంచి చెడుతుంది అని ఎదురు ప్రశ్న వేయాలి. ఉరుములు, భారీ వానలే శత్రువులైతే రాడార్. కొండలు, సముద్రపు గాలి, ఎడారి వేడి అయితే లైడార్. రెండూ ఉన్నచోట రెండూ. రెండూ కొనలేని చిన్న విమానాశ్రయానికి స్తంభాలు ఎంతో నయం. అయితే వాటిని రన్‌వే పక్కన మాత్రమే కాకుండా దిగే దారి కింద రెండు మూడు కిలోమీటర్ల దాకా పాతాలి. రన్‌వే చివర చెట్లు పెరిగి గాలిమీటర్‌ను కమ్మేస్తే కోట్లు పోసిన పద్ధతి కూడా వట్టిదే. ఏ ఒప్పందంలోనూ ఎవరూ రాయని ఖర్చు ఈ చెట్లు కొట్టించడం.

పైలట్ చేతిలో: వేగమా, ఎత్తా?

హెచ్చరిక వచ్చింది, తప్పుకునే టైమ్ లేదు. అప్పుడు ఏం చేయాలన్న దానిలో పాత పాఠం, కొత్త పాఠం పూర్తిగా వేరు. పాత రోజుల్లో వేగం పడిపోతే ముక్కు దించి వేగం తెచ్చుకోమనేవారు. స్టాల్ భయంతో అది సహజంగా వచ్చే పని. మైక్రోబర్స్ట్‌లో అది నేల వైపు దారి. ప్రమాదాల రికార్డులు తిరగేశాక 1987లో ఎఫ్ఏఏ కోసం బోయింగ్ నాయకత్వంలో తయారైన శిక్షణ సామగ్రి ఈ పాఠాన్ని తిరగరాసింది. వేగాన్ని మారకంగా ఇచ్చి ఎత్తును కొనుక్కో.

చేతలు ఇలా ఉంటాయి. లీవర్లు చివరి దాకా. ముక్కు చాలా జెట్‌లలో 15 డిగ్రీల దగ్గరకు, ఎయిర్‌బస్‌లో అయితే తెర మీద కంప్యూటర్ చూపే గీత వెంట. రెక్కలు సమంగా, వంపు తిరగకూడదు. స్పీడ్ బ్రేక్ (వేగం తగ్గించడానికి రెక్క మీద లేచే పలక) తెరిచి ఉంటే మూసేయాలి. చక్రాలూ ఫ్లాప్స్ ఉన్నచోటే ఉండాలి, షియర్ దాటేదాకా ముట్టుకోవద్దు. ఈ చివరిది చాలామందికి వింతగా ఉంటుంది. చక్రాలు ఎత్తితే తేలికవుతుంది కదా? కానీ ఎత్తడానికి ముందు తలుపులు తెరుచుకుంటాయి, ఆ కొన్ని సెకన్లలో గాలి రాపిడి పెరుగుతుంది. నేలకు తగలడమే రాసి ఉంటే చక్రాల మీద తగలడం మేలు కూడా.

సిమ్యులేటర్‌లో ఈ ఘట్టం చూస్తే తెలుస్తుంది. స్టాల్ దగ్గరపడిందని హెచ్చరించే స్టిక్ షేకర్ దడదడలాడుతుంటుంది, చేతిలో కర్ర వణుకుతుంది, తెర మీద వేగం ఎర్ర గీతకు ఆనుకుని ఉంటుంది. ఒంట్లో ప్రతి నరం ముక్కు దించమంటుంది. షేకర్ మోగీ మోగని అంచున పట్టుకుని ఆగాలి, అంతకంటే ఎత్తకూడదు, అంతకంటే దించకూడదు. పక్కన కూర్చున్నవాడు ఎత్తు, ఎక్కే వేగం గట్టిగా చదువుతూ ఉండాలి: "300 అడుగులు, దిగుతున్నాం... 250, ఇంకా దిగుతున్నాం... 240, ఎక్కుతున్నాం." ఆ "ఎక్కుతున్నాం" అనే మాట కోసమే మొదటివాడి చెవులు ఎదురుచూస్తుంటాయి. పుస్తకంలో పేరా చదివితే ఇది రాదు. పరికరాల మీద పెట్టే డబ్బుకూ సిమ్యులేటర్ గంటల మీద పెట్టే డబ్బుకూ పోటీ వస్తే, గంటలను కోసేవాళ్లను నేను నమ్మను.

ఆటోపైలట్ ఉంచాలా తీయాలా అన్నది విమానం రకాన్ని బట్టి మారుతుంది. మీ మాన్యువల్ ఏం చెబితే అదే. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారిన పైలట్లు మొదటి నెలల్లో తడబడేది ఇక్కడే.

షియర్ అనుమానం ఉన్న రోజున ముందు జాగ్రత్తల్లోనూ బేరాలు ఉన్నాయి. దిగేటప్పుడు వేగం కొంచెం పెంచుకుంటే షియర్ తినేయడానికి ఏదో ఒకటి మిగులుతుంది. కానీ షియర్ రాకపోతే ఆ వేగంతో తడి రన్‌వే మీద దిగి ఆగాలి. అందుకే 15, 20 నాట్లకు మించి కలపొద్దంటారు. పొట్టి రన్‌వే అయితే ఈ పద్ధతి కంటే తిరిగి వెళ్లడమే మంచిది. టేకాఫ్‌లో లెక్క సులువు. ఇంజన్ అరుగుదల తగ్గించడానికి రోజూ వాడే తగ్గింపు పవర్ ఆ రోజు వద్దు, పూర్తి పవర్, ఉన్నవాటిలో పొడుగు రన్‌వే. ఇందులో నష్టం కాస్త అరుగుదల మాత్రమే, బేరమాడేదేం లేదు.

చిన్న విమానం నడిపేవాళ్లకు

పైన చెప్పిన రాడార్లేవీ నాలుగు సీట్ల విమానంలో ఉండవు. ఒక అనుకూలత ఉంది. ప్రొపెల్లర్ తిరిగితే గాలి వెంటనే రెక్క మీదకు వస్తుంది, జెట్ లాగా పవర్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ మిగులు శక్తి తక్కువ, ఎఫ్-ఫ్యాక్టర్ లెక్కలో ఓడిపోయేది వీళ్లే. అందుకని వీళ్ల పరికరం కళ్లే. మేఘం నుంచి జీరగా వేలాడుతూ నేలకు చేరని వాన, వలయంగా లేచే దుమ్ము, రన్‌వేకి రెండు చివర్లా చెరో వైపుకు చూపిస్తున్న గాలిసంచులు. వేడి మధ్యాహ్నం, ఉష్ణోగ్రతకూ మంచుబిందువుకూ (గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) చాలా తేడా, పైన ఎత్తుగా మేఘాలు. ఈ మూడూ కలిస్తే పొడి మైక్రోబర్స్ట్‌కు పందిరి వేసినట్టే. తీవ్రమైన ఉరుముల మేఘానికి 20 మైళ్ల దూరం పాటించమని చెప్పే పాత నియమం చిన్న విమానాలకు అతి కాదు.

అన్నిటికంటే చవకైనది

ఇంతసేపూ సెకన్లు లెక్కపెట్టాం. పావుగంట ఆగితే వచ్చేవి 900 సెకన్లు. రన్‌వే దగ్గర పుట్టిన మైక్రోబర్స్ట్ ఆ లోపు సాధారణంగా చచ్చిపోతుంది. ఏ పరికరం దీనికి సాటి రాదు, ఖర్చు కాస్త ఇంధనం. మరి ఎందుకు ఆగరు? వెనక కనెక్షన్ విమానాలు, సిబ్బంది డ్యూటీ గంటలు, టెన్షన్. అన్నిటికంటే ముఖ్యంగా, ట్యాంకులో ఆగడానికి సరిపడా ఇంధనం లేకపోవడం. గాలి బాగాలేని రోజున అరగంట అదనపు ఇంధనం ఎక్కించుకుంటే నిజానికి మీరు కొనుక్కున్నది ఆగే స్వేచ్ఛ. బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది అని గొణిగే కంపెనీలకు పైలట్ నిర్ణయాన్ని ప్రశ్నించకూడదన్న లిఖిత నియమం ఉండాలి. నన్నడిగితే ఇది కొత్త రాడార్ కంటే ముందు రావాల్సిన పని.

ఒక విమానాల కంపెనీ నడిపేవారికి నా వరస ఇది: మొదట ఇంధనం, గో అరౌండ్‌కు ప్రశ్నల్లేని నియమం, ఆపైన సిమ్యులేటర్ గంటలు, ఆపైన ప్రిడిక్టివ్ రాడార్. రియాక్టివ్ ఎలాగూ ఉంటుంది, ఉండనివ్వండి, దాని మీద ఆధారపడి ప్లాన్ వేయకండి. 1994 షార్లెట్ తర్వాత అమెరికాలో ఎయిర్‌లైన్ ప్రయాణికుల ప్రాణాలు తీసిన విండ్ షియర్ ప్రమాదం లేదు. అది ఏ ఒక్క పరికరం పుణ్యమూ కాదు. 2018 జులై 31న మెక్సికోలోని డురాంగోలో భారీ వానలో టేకాఫ్ అయిన ఏరోమెక్సికో 2431 మైక్రోబర్స్ట్‌లో పడి నేలకు తగిలి కాలిపోయింది. అందులోని 103 మందీ బతికారు. శత్రువు ఇంకా అక్కడే ఉన్నాడు, రన్‌వే మీద వాన తెర కనిపిస్తే బ్రేక్ మీద కాలు అలాగే ఉంచండి.

చివరిగా, పైసా ఖర్చు లేనిది ఒకటి మిగిలింది. షియర్ తగిలి బయటపడ్డ పైలట్ దిగాక గానీ, పైకి లేచి వెళ్లాక గానీ, చెప్పే నాలుగు మాటలు. "గాలి బాగా ఊపింది" అంటే వెనకవాడికి ఏమీ తెలియదు. "రన్‌వే రెండు మైళ్ల ముందు, 400 అడుగుల దగ్గర 25 నాట్లు పోయింది, గో అరౌండ్ చేశాం, మాది 737" అంటే వాడికి ఎక్కడ, ఎంత, ఏ విమానానికి అన్నీ తెలుస్తాయి. టవర్‌లో ఉన్నవారు ఆ మాటను యథాతథంగా తర్వాతి విమానానికి చెప్పాలి, పది నిమిషాల తర్వాత వచ్చేవాడికి కూడా టైమ్‌తో సహా చెప్పాలి. మధ్యలో ఇద్దరు హాయిగా దిగారని దాన్ని చెరిపేయకూడదు.